లోమాక్స్ అన్న ఇంటిపేరు వెంట పడితే

పాత పాటల రికార్డింగులు ఎలా భద్రం చేసుకోవాలా అని ఇంటర్నెట్‌లో వెతకడం మొదలుపెట్టిన ఎవరికైనా కాసేపట్లోనే లోమాక్స్ అన్న ఇంటిపేరు తగులుతుంది. నాకూ అలాగే తగిలింది. నా దగ్గరున్నవి మా మామయ్య క్యాసెట్లు. ఆయన శ్రీకాకుళం జిల్లాలో బడిపంతులుగా చేసి రిటైరయ్యారు. ఏ ఊరికి బదిలీ అయితే ఆ ఊళ్ళో, బడి వదిలాక, టేప్ రికార్డర్ చంకన పెట్టుకుని ఊడుపు పాటలు, దంపుళ్ళ పాటలు, తిరగలి పాటలు, జముకుల కథలు పట్టుకొచ్చేవారు. ఎవరూ చెయ్యమనలేదు, ఎవరూ పైసా ఇవ్వలేదు. "సగం జీతం బ్యాటరీలకే పోసేవాడు" అని మా అత్తయ్య ఇప్పటికీ దెప్పుతుంది. ఇల్లు మారేటప్పుడు ఆ క్యాసెట్లు అటక మీంచి దిగాయి. ఇంక నువ్వే చూసుకోరా అని నాకు అప్పగించారు. చెకిన్ సామానులో వెయ్యడానికి మనసొప్పక చేతిసంచిలో పెట్టుకుని వర్జీనియా తెచ్చుకున్నాను.

లోమాక్స్ అంటే ఒకరు కాదు, అమెరికాలో ఊరూరా తిరిగి జానపద పాటలు రికార్డు చేసిన తండ్రీ కొడుకూ. తండ్రి జాన్ లోమాక్స్ 1867లో మిసిసిపీలో పుట్టి, టెక్సస్ పల్లెల్లో పెరిగాడు. పశువుల్ని తోలుకెళ్ళే కౌబాయ్‌ల పాటలు చిన్నప్పటినుంచీ చెవిన పడినవాడు. హార్వర్డ్‌లో పంతుళ్ళు ప్రోత్సహిస్తే వాటిని పోగుచేసి 1910లో పుస్తకం వేశాడు. 1931లో భార్య పోయింది, ఆర్థికమాంద్యంలో బ్యాంకు ఉద్యోగమూ పోయింది. అరవై దాటిన ఆ వయసులో, 1933 వేసవిలో, పద్దెనిమిదేళ్ళ కొడుకు ఆలన్‌ని వెంటబెట్టుకుని ఫోర్డు కారులో దక్షిణాది రాష్ట్రాలకు బయల్దేరాడు. దారిలో వాళ్ళ చేతికొచ్చిన రికార్డింగు మిషన్ బరువు 315 పౌండ్లు, అంటే 140 కిలోల పైమాట. పాట నేరుగా అల్యూమినియం పళ్ళెం మీద గీత పడుతుంది. తప్పు పోతే చెరిపి మళ్ళీ చెయ్యడానికి లేదు. మామయ్య టేప్ రికార్డర్ మొయ్యలేక భుజం నొప్పి పుట్టేదని ఎప్పుడైనా అంటే ఆ అంకె చెప్పాలని మనసులో పెట్టుకున్నాను.

మేముండేది ఆష్‌బర్న్ దగ్గర. 2022 నవంబరులో సిల్వర్ లైన్ మెట్రో మా దాకా వచ్చాక, ఇక్కడ ఎక్కితే ఎక్కడా మారకుండా వాషింగ్టన్ నగరంలోని క్యాపిటల్ సౌత్‌లో దిగొచ్చు. అక్కణ్ణించి, లోమాక్స్ రికార్డింగులు దాచిన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ నాలుగడుగులు. మనవాళ్ళకి అది అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చినప్పుడు తీసుకెళ్ళి, పాలరాతి మెట్లూ పైకప్పు మీద బొమ్మలూ చూపించి, ఫొటోలు తీసుకుని వచ్చేసే చోటు. లోపల కూర్చుని పని చేసుకోవచ్చని, దానికి రీడర్ కార్డు ఉచితంగా ఇస్తారని, పదహారేళ్ళు నిండి ఫొటో ఉన్న గుర్తింపు కార్డో పాస్‌పోర్టో ఉంటే చాలని, అమెరికా పౌరులే అయ్యుండక్కర్లేదని చాలామందికి తెలీదు. హెచ్1బీ మీదున్నవాళ్ళు ఇంత పెద్ద సర్కారీ ఆఫీసులో కార్డు అడగడమంటేనే కొంచెం టెన్షన్ పడతారు. ఫారం నింపాను, ఫొటో తీశారు, కార్డు చేతిలో పెట్టారు. డ్రైవింగ్ లైసెన్సులిచ్చే డీఎంవీ ఆఫీసులో పడిగాపులు పడినవాళ్ళకి ఇది నమ్మబుద్ధి కాదు.

కార్డు కంటే ముందు చెయ్యాల్సిన పని ఒకటుంది. జానపద విభాగం వాళ్ళకి ముందుగా మెయిల్ రాయాలి. కొన్ని పెట్టెలు వేరేచోట గోదాముల్లో ఉంటాయి, అడిగిన రోజే రావు. నేను "లోమాక్స్ రికార్డింగులు వినాలి" అని రాస్తే, ఏ లోమాక్స్, ఏ ఏడాది, ఏ ఊరు అని తిరుగు ప్రశ్న వచ్చింది. న్యాయమైన ప్రశ్నే. తండ్రి చేసినవి, కొడుకు చేసినవి, ఇద్దరూ కలిసి చేసినవి, తండ్రి తన రెండో భార్య రూబీతో కలిసి చేసినవి వేరువేరుగా ఉంటాయి. ఆ చివరిది ఇంట్లో కూర్చుని వినదలచినవాళ్ళకి మంచి మొదలు. 1939 మార్చి 31న టెక్సస్‌లోని పోర్ట్ అరాన్సస్‌లో బయల్దేరి, జూన్ 14న వాషింగ్టన్ చేరేదాకా ఆ మొగుడూ పెళ్ళాలు 6,502 మైళ్ళు తిరిగారు. మూడువందల మందికి పైగా పాడినవాళ్ళు, ఇరవై అయిదు గంటల సంగీతం. మొత్తం ఆన్‌లైన్‌లో ఉచితంగా ఉంది. పాటలకంటే నాకు రూబీ రాసిన నోట్సు ఎక్కువ నచ్చాయి. ఎవరింటికి వెళ్ళారు, ఎవరు పాడారు, చుట్టూ ఎవరున్నారు అన్నీ రాసిపెట్టింది.

నేను వెళ్ళినప్పుడు రీడింగ్ రూమ్ లైబ్రరీవాళ్ళ జెఫర్సన్ భవనం కింది అంతస్తులో ఉంది. సంచీ, కోటూ బయట పెట్టాలి. పెన్ను పనికిరాదు, పెన్సిలే. అసలు డిస్కులు చేతికివ్వరు, వాటి నకళ్ళు కంప్యూటర్లో హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినాలి. నేను ముందుగా పట్టుబట్టి విన్నది 1933 జులైలో లూసియానాలోని అంగోలా జైల్లో హడ్డీ లెడ్‌బెటర్ పాడినవి. లోకానికి ఆయన లెడ్ బెల్లీ అన్న పేరుతో తెలిసిన నల్లజాతి గాయకుడు. మొదట గరగరమనే చప్పుడు, దాని అడుగునుంచి పన్నెండు తీగల గిటారు, దాని మీద ఆ గొంతు. చుట్టూ గోడలున్నాయని వింటుంటేనే తెలుస్తుంది. తర్వాతి ఏడాది తండ్రీకొడుకులు ఇంకాస్త మెరుగైన మిషన్‌తో మళ్ళీ వెళ్ళారు. లెడ్ బెల్లీ గవర్నరుకి విన్నపంగా ఒక పాట పాడితే ఆ రికార్డు గవర్నరు ఆఫీసులో అందజేశారు. 1934 ఆగస్టులో లెడ్ బెల్లీ విడుదలయ్యాడు. పాట విని గవర్నరు కరిగిపోయాడన్న కథ అప్పటినుంచీ చెలామణీలో ఉంది. జైలు కాగితాల ప్రకారం మాత్రం సత్ప్రవర్తనకి ఇచ్చే తగ్గింపు వల్ల బయటికొచ్చాడు.

ఆ తర్వాత కథ అంత తియ్యగా ఉండదు. లెడ్ బెల్లీ జాన్ లోమాక్స్‌కి డ్రైవరుగా తిరిగాడు, ఊరూరా కాలేజీల్లో పాడాడు. 1935లో తీసిన న్యూస్‌రీల్‌లో ఆయనకి మళ్ళీ ఖైదీ బట్టలే వేసి, మళ్ళీ జైలు కథే ఆడించారు. ఆ ఏడాదే డబ్బుల దగ్గర చెడి ఇద్దరూ విడిపోయారు. 'గుడ్‌నైట్ ఐరీన్' పాట హక్కుల కాగితాల మీద లెడ్‌బెటర్ పక్కన జాన్ లోమాక్స్ పేరూ ఉంది. 1950లో ది వీవర్స్ బృందం దాన్ని పాడితే దేశమంతా మోగిపోయి వారాల తరబడి మొదటి స్థానంలో నిలిచింది. అప్పటికి జాన్ లోమాక్స్ పోయి రెండేళ్ళు దాటింది. లెడ్ బెల్లీ 1949 డిసెంబరులో పోయాడు. ఇంకో ఏడాది బతికుంటే కనీసం ఇంటద్దె బాధ తీరేది.

తండ్రీకొడుకుల్ని విలన్లుగా చూసి పక్కన పెట్టెయ్యడం తేలిక. నాకు మాత్రం ఆ గదిలో కూర్చున్నాక అది సరిపోలేదు. ఆ 140 కిలోలు వాళ్ళు మొయ్యకపోతే ఆ గొంతు నా హెడ్‌ఫోన్లలోకి రాదు. అలాగని జైల్లో ఉన్న మనిషి, వార్డెను పక్కనుండగా, పాడనని అనగలడా అన్న ప్రశ్న కూడా పోదు. రెండూ ఉంచుకునే వినాలి.

నన్ను అన్నిటికంటే పట్టుకున్నవి కార్డులు. పాటకో కార్డు చొప్పున టైపు చేసి పెట్టుకున్న పాత సూచిక ఇది. పైన పాట పేరు. దాని కింద ఎవరు పాడారు, ఏ ఊరు, ఎవరు సేకరించారు, ఏ సంవత్సరం, డిస్కు నంబరు, ఏ వైపు, ఎన్నోది. ఆ కార్డుల స్కాన్లు ఆన్‌లైన్‌లో కూడా ఉన్నాయి. ఒకటొకటే తిప్పుతుంటే ఒక సంగతి కళ్ళబడింది. సేకరించినవారు అన్నచోట ఎప్పుడూ ఖాళీ లేదు. పాడినవారు అన్నచోట మాత్రం చాలావాటి మీద "నీగ్రో ఖైదీల బృందం" అని ఉంది. పేర్లు లేవు. లోమాక్స్ అని వెతికితే వేలు దొరుకుతాయి. ఆ గుంపులో అందుకుని పాడినవాడెవడో వెతకడానికి ఏ అక్షరం కొట్టాలి?

అదే ఇంటిపేరులో ఇంకో కథ ఉంది. 1959 సెప్టెంబరులో ఆలన్ లోమాక్స్ మిసిసిపీలోని పార్చ్‌మన్ జైలు పొలానికి వెళ్ళాడు. ఈసారి స్టీరియో టేపు. కట్టెలు కొడుతున్న ఖైదీలు గొడ్డలి దెబ్బకి సరిగ్గా పడేలా పాడుతుంటే పట్టుకున్నాడు. ముందు అందుకుని పాడినవాడి పేరు రాసుకున్నాడు: జేమ్స్ కార్టర్. 2000లో వచ్చిన ఒక హాలీవుడ్ సినిమా మొదట్లో ఆ పాట వాడారు, ఆ సౌండ్‌ట్రాక్ లక్షల్లో అమ్ముడుపోయింది. పేరు రాసుంది గనక వెతకడం మొదలైంది. చివరికి షికాగోలో, డెబ్భై ఆరేళ్ళ ముసలాయన, భార్యతో ఉంటున్నాడు. 20 వేల డాలర్ల చెక్కు పట్టుకుని వెళ్ళారు. ఆయనకి ఆ పాట పాడినట్టు కూడా గుర్తులేదట. ఆ సౌండ్‌ట్రాక్‌కి 2002లో గ్రామీ వచ్చినప్పుడు సభలో ఆయనా ఉన్నాడు.

నేను ఈ రెంటి మధ్యా కూర్చున్నాను. ఒక పక్క "ఖైదీల బృందం", ఇంకో పక్క జేమ్స్ కార్టర్. ఒకే కుటుంబం చేసిన పని.

అక్కడే ఇంకోటి విన్నాను. 1941 ఆగస్టులో మిసిసిపీలో స్టోవాల్ అనే పెద్ద పత్తి పొలంలో పనిచేసే ఒక కుర్రాణ్ణి ఆలన్ రికార్డు చేశాడు. ఆ కుర్రాడే తర్వాత షికాగో వెళ్ళి, బ్లూస్ పాటలకి పేరుమోసిన మడ్డీ వాటర్స్ అయ్యాడు. పాట అయ్యాక ఆలన్ ఊరుకోడు, ఈ పాట ఎలా కట్టావు, ఎప్పుడు కట్టావు అని అడుగుతాడు. కారు టైరు పంక్చరు వేస్తుంటే వచ్చిందంటాడు మడ్డీ వాటర్స్, తారీఖుతో సహా. ఇంకొంచెం తవ్వితే, ఆ బాణీ అంతకుముందే అందరూ పాడేదేనని కూడా ఒప్పుకుంటాడు. పాటకంటే ఈ నాలుగు మాటలు నాకు ఎక్కువ ఉపయోగపడ్డాయి. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఎవరి దగ్గర నేర్చుకున్నావు. అన్నీ టేపు తిరుగుతుండగానే అడిగెయ్యాలి, తర్వాత అడుగుదాంలే అనుకుంటే అంతే. అన్నట్టు ఆ యాత్రలో ఆలన్ ఒంటరిగా లేడు. ఫిస్క్ విశ్వవిద్యాలయం నుంచి జాన్ వర్క్ అనే నల్లజాతి పండితుడు, ఆయన సహచరులు కూడా ఉన్నారు. వాళ్ళు రాసిన ప్రతి ఏళ్ళ తరబడి కనపడకుండా పోయి, 2005లో గానీ పుస్తకంగా రాలేదు. అక్కడా లోమాక్స్ అన్న పేరే ముందు నిలబడింది.

ఆలన్ తర్వాత యూరప్ వెళ్ళాడు, స్పెయిన్, ఇటలీ తిరిగాడు. ప్రపంచంలోని పాటలన్నిటినీ 37 కొలతలతో కొలిచే కాంటోమెట్రిక్స్ అనే పద్ధతి పెట్టాడు. గొంతు బిగబట్టి పాడతారా, వదిలి పాడతారా, గుంపులో అందరూ ఒకే గొంతుగా కలుస్తారా, ఇలాంటివి. దాంట్లోంచి వచ్చిన గ్లోబల్ జ్యూక్‌బాక్స్ 2017 నుంచి ఆన్‌లైన్‌లో ఉంది. సరదాగా మామయ్య ఊడుపు పాట ఒకటి ఆ కొలతల్లో పెట్టి చూద్దామని ప్రయత్నించాను. కొన్ని కుదిరాయి. వంగి నాటు వేస్తూ పాడే మనిషి ఊపిరి ఎక్కడ తీసుకుంటుందో దానికి కొలత నాకు దొరకలేదు. ఆ పద్ధతి మీద పండితులకి బోలెడు అభ్యంతరాలున్నాయి, నాకున్నది ఇదొక్కటే.

ఇక అసలు పని. లైబ్రరీలో ఒకామె నా క్యాసెట్ల సంగతి ఓపిగ్గా విని చెప్పినవి చాలా మామూలు విషయాలు. మొదట ఏదీ తుడవొద్దు, దేన్నీ సరిచెయ్యొద్దు. పెట్టె, లేబులు, రెండు వైపులా ఫొటో తియ్యి. ప్రతిదానికీ ఒక నంబరు ఇవ్వు, ఆ నంబరు మళ్ళీ మార్చొద్దు. చెరిగిపోకుండా వెనక ఉండే చిన్న ప్లాస్టిక్ పలుకులు విరిచెయ్యి. ఎమ్‌పీ3 కాదు, చప్పుడుని కుదించని వేవ్ ఫైలు చెయ్యి, చప్పుడు తీసేసిన నకలు కావాలంటే వేరేగా పెట్టుకో. ఆ విభాగం వాళ్ళే వేసిన, పల్లెల్లోకి వెళ్ళి పాటలూ కథలూ సేకరించేవాళ్ళ కోసం రాసిన చిన్న పుస్తకం ఆన్‌లైన్‌లో ఉచితంగా ఉంది. దాని చివర అనుమతి పత్రం నమూనాలు ఉంటాయి, అవి కూడా చదవమంది.

సెకండ్ హ్యాండ్ క్యాసెట్ డెక్కు, కంప్యూటర్‌కి కలిపే ఒక చిన్న ఆడియో పెట్టె కొన్నాను. మన కోస్తా తేమకి కొన్ని టేపుల అంచుల మీద తెల్లటి బూజు పట్టింది. వాటిని డెక్కులో పెడితే హెడ్డు పాడవుతుంది, మిగతా క్యాసెట్లకీ అంటుకుంటుంది. అవి విడిగా జిప్‌లాక్ కవర్లలో పెట్టి, బూజు తీసేవాళ్ళకి పంపాను. ఖరీదైన పనే. కొన్నిటికి టేపుని హెడ్డుకి అదిమిపెట్టే చిన్న ఫెల్టు మెత్త ఊడిపోయింది. మామూలు క్యాసెట్ నుంచి ఆ మెత్త తీసి ఇందులో పెట్టడం యూట్యూబ్ చూసి నేర్చుకున్నాను. ఒక్కో వైపూ నిజ సమయంలోనే తిరగాలి, తొందరపెట్టడానికి లేదు. ఆఫీసు మీటింగుల్లో మ్యూట్‌లో ఉండగా పక్కన రోకళ్ళు దంచుతుండేవి.

దంపుళ్ళ పాట ఒకటి చెప్పాలి. ఇద్దరు ఆడవాళ్ళు, రెండు రోకళ్ళు, ఒకటి పడితే ఒకటి లేస్తుంది. మధ్యలో గాజుల చప్పుడు. ఒకామె అందుకుంటుంది, రెండో ఆమె వంత. ఎక్కడో పాట మధ్యలో మొదటామె ఆగి "ఒలె, సెరుగు" అంటుంది, రోలు చప్పుడు ఆగుతుంది, చేట చప్పుడు వినిపిస్తుంది, మళ్ళీ ఆపిన చోటే పాట మొదలు. మామయ్య గొంతు దూరంగా, "కానీండి, తిరుగుతోంది" అంటుంది. లేబులు మీద ఆయన గుండ్రటి చేతిరాతలో "దంపుళ్ళ పాట, బి వైపు" అని, పక్కన ఆయన పేరు. అంతే.

ఫోన్ చేశాను. ఇక్కడ రాత్రి, అక్కడ తెల్లారి. "మామయ్యా, ఆ దంపుళ్ళ పాట పాడినవాళ్ళెవరు?"

"ఏటిరా, అమెరికాలో నీకు పనేటీ లేదా?"

"పేర్లు కావాలి మామయ్యా."

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఒకామె మన పెద్దింటికి దంపుళ్ళకి వచ్చేది. ఆమె కోడలు రెండో గొంతు. ఇంటిపేరు గుర్తుంది, పేరు మీ అత్తని అడగాలి" అన్నారు. అత్తయ్య ఫోను లాక్కుంది. పేరే కాదు, ఆమె ఏ ఊరి ఆడపిల్లో, ఎవరి దగ్గర ఆ పాట నేర్చుకుందో, రోజుకి ఎన్ని కుంచాలు దంచేదో, కూలికి ఏం కొలిచేవారో అన్నీ చెప్పింది. మామయ్య దగ్గర పాటలున్నాయి, అత్తయ్య దగ్గర మనుషులున్నారు. ఆయన టేపు పట్టుకుని అరుగు మీద కూర్చుంటే, పాడేవాళ్ళని పెరట్లోంచి పిలుచుకొచ్చింది ఆవిడేనట. అలబామాలో లోమాక్స్‌లకి వీరా హాల్ లాంటి గొప్ప గాయనిని చూపించింది కూడా రూబీ పికెన్స్ టార్ట్ అనే స్థానిక ఆవిడే. ఈ క్యాసెట్ల వివరాలు రాసుకుంటున్న నా షీటులో "సేకరించినవారు" అన్న గడిలో ఇప్పుడు ఇద్దరి పేర్లూ ఉన్నాయి. మామయ్య దానికి అభ్యంతరం చెప్పలేదు గానీ, అత్తయ్య పేరు ముందు రాశానని తెలిశాక ఒకరోజు ఫోనెత్తలేదు.

అప్పటినుంచీ ఆదివారాలు అదే పని. నేను ఇక్కడ ఫైలు పెడతాను, వాళ్ళు అక్కడ వాట్సాప్‌లో వింటారు. ఒక్కోసారి మొదటి వరస పూర్తికాకుండానే అత్తయ్య పేరు చెప్పేస్తుంది. తెలియనివాటికి ఆ ఊళ్ళో మామయ్య పాత విద్యార్థులు సాయం పట్టారు. ఒకాయన ఇప్పుడు రేషన్ డీలరు, ఊళ్ళో ఎవరి గొంతైనా చెప్పగలడు. అప్పటికీ తేలనివి ఉన్నాయి. అక్కడ "గుంపు" అని రాయకుండా, వినిపించే గొంతులు ఎన్నో, ఆడవాళ్ళో మగవాళ్ళో, ఏ ఊరి చేనో రాసి, పేర్ల గడి ఖాళీగా ఉంచాను. ఖాళీ కనపడితే ఎవరో ఒకరు నింపుతారు.

దంపుళ్ళ పాట పాడినామె పోయి చాలా ఏళ్ళయింది. కోడలు కూడా లేదు. మనవరాలు విశాఖపట్నంలో నర్సు. నంబరు దొరికాక ముందు మెసేజ్ పెట్టి, ఒప్పుకున్నాక ఫైలు పంపాను. మర్నాడు ఫోన్ చేసింది. నానమ్మ గొంతు తనకి అసలు గుర్తులేదంది, "ఒలె, సెరుగు" దగ్గర మాత్రం ఇంట్లో అందరూ నవ్వేశారంది. యూట్యూబ్‌లో పెట్టమంటారా అని అడిగాను. ఒప్పుకోలేదు. "మా వాళ్ళకి పంపుకుంటాం సార్. బయట పెట్టకండి. కింద ఎవరెవరో ఏవేవో రాస్తారు." సరేనన్నాను. షీటులో అనుమతి గడిలో అదే రాసి, ఆమె పేరూ తేదీ వేశాను. బూజు పట్టిన టేపులు శుభ్రమై వచ్చాయి. వాటిలో మొదటిది జముకుల కథ, పెట్టె మీద ఊరి పేరు కూడా లేదు. ఈ ఆదివారం అత్తయ్యకి అది వినిపించాలి.